ఊదా గొంతు, పచ్చ గొంతు

పోయినవారం మనం ఎర్మాన్స్‌ని ఓర్లీ విమానాశ్రయంలో, బయల్దేరే హాలు నడిమధ్యన, నోరు తెరిపించి అలాగే వదిలేసి వచ్చేశాం. వారం రోజులుగా పాపం ఆ నోరు మూతపడలేదు. ఎర్మాన్స్ నోరు మూతపడకపోవడం వింతేమీ కాదు. మాట రాకుండా తెరుచుకుని ఉండటమే వింత. బుద్ధెరిగాక ఆవిడకి అదే మొదలు.

ఆ నోటికి తాళం వేసినవాడు మొస్యూ ఫ్రెసినే, సర్కారు విమానాల శాఖ తనిఖీదారు. మడిచిపెట్టిన గొడుగులా ఉంటాడు మనిషి. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"మదాం, మీ పిట్టల మిత్రులకు పిట్టల మీద ప్రేమ సరిగ్గా క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ, పునీతుల పండక్కీ మాత్రమే ఎందుకు పొంగుకొస్తుంది?"

కథ మధ్యలో ఎక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆ కాలపు చట్టం ఒక తమాషా. సముద్రం దాటే టికెట్లు ఒక్కొక్కటిగా అమ్ముకునే హక్కు పెద్ద కంపెనీది. గ్రాన్ లార్జ్ లాంటి చిన్న కంపెనీ విమానం మొత్తాన్ని ఏదో ఒక సంఘానికి అద్దెకివ్వాలి, పెళ్ళివారికి బస్సు మాట్లాడినట్టు. ఆ సంఘం ప్రయాణాల కోసం పెట్టినది కాకూడదు. అందులో సభ్యులు నిన్న చేరినవాళ్ళు కాకూడదు, పాతకాపులై ఉండాలి. మరి పారిస్‌లో తపాలా సంచులు మోస్తూ, ఆసుపత్రుల్లో మంచాలు తుడుస్తూ, మెట్రోలో టికెట్లు కత్తిరిస్తూ బతికే గ్వాదెలూప్ జనం పండక్కి సొంతదీవికి వెళ్ళాలంటే? ఏదో ఒక సంఘం ఉండాలి. గ్రాన్ లార్జ్‌లో ప్రయాణికుల వ్యవహారాలన్నీ చూసే ఎర్మాన్స్, తనూ ఆ దీవి పిల్లే గనక, ఒక సంఘం పెట్టింది. దాని పేరు ఫూఫూ మిత్రమండలి. ఫూఫూ అంటే అక్కడి తేనెపిట్ట, బొటనవేలంత ఉంటుంది. పువ్వు ముందు గాల్లో నిలబడుతుంది, ముందుకెగురుతుంది, వెనక్కీ ఎగురుతుంది. "వెనక్కెగరడం ఒక్కటే మా కంపెనీకి ఇంకా పట్టుబడలేదు" అనేవాడు కంపెనీ యజమాని, ప్రధాన పైలట్టు, ఎర్మాన్స్ నెత్తినెక్కిన దేవుడు అయిన కెప్టెన్ కెర్వెలా.

కెర్వెలా విమానాల గురించి చెప్పకపోతే గ్రాన్ లార్జ్ చరిత్ర చెప్పనట్టే. మొదటిది నాలుగు పంకాల ముసలి విమానం. దాన్ని అందరూ తాతమ్మ అనేవాళ్ళు. పారిస్ దుకాణదారుల్ని కోర్సికా ఇసుకకి మోసేది. ఆఫ్రికాకి వలసపోయే కొంగ ఒకటి కిటికీలోంచి తొంగిచూసి, పాపం వీళ్ళు ఎప్పటికి చేరతారో అని తలాడించి ముందుకు వెళ్ళిపోయిందని కెర్వెలా ప్రమాణం చేసి చెప్పేవాడు. ఆ కొంగకి ఎర్రముక్కు అని కూడా చెప్పేవాడు గనక నమ్మకుండా ఎలా? రెండోది దొరసాని. సన్ననడుము, మూడు తోకలు, పెట్రోలుకన్నా నూనె ఎక్కువ తాగేది. సముద్రం మీద దాని ఇంజను ఒకటి ఆగిపోతే కెర్వెలా మైకు పట్టుకుని, "కంగారు పడకండి, నాలుగు గుర్రాల్నీ ఒక్కసారే పరిగెత్తించడం పాపం కదా, వంతులవారీగా పడుకోబెడుతున్నా" అన్నాడట. జనం చప్పట్లు కొట్టి మళ్ళీ నిద్రపోయారు.

మూడోది సుజెట్. ఇప్పుడు హాలు అద్దాల అవతల, పొద్దుటి మంచులో నిలబడి ఉన్నది అదే. బోయింగ్ జెట్ విమానం, అమెరికా వాళ్ళు వాడి వదిలేసినది. సిగరెట్ బూడిద తట్టల మీద ఇంకా వాళ్ళ గద్దబొమ్మే ఉంటుంది. లేచేటప్పుడు వదిలే నల్లపొగతో పక్క ఊళ్ళో ఆరేసిన దుప్పట్లకి చావొచ్చేది. అమెరికా వాళ్ళు పెట్టిన వరసల మధ్య కెర్వెలా ఇంకొన్ని వరసలు కుక్కించాడు, సరదా ప్రయాణాల విమానం అంటేనే అంత. కూర్చుంటే మోకాళ్ళు చెవులకి తగులుతాయి. దాని ముక్కు మీద మాత్రం మనిషంత ఫూఫూ బొమ్మ, ఊదారంగు గొంతుతో, రెక్కలు విప్పుకుని ఉంటుంది. తాతమ్మ, దొరసాని తుక్కుకి పోయాయి. సముద్రం దాటగలిగింది ఇదొక్కటే. ఇది ఇవాళ లేవకపోతే, లేవడానికి అనుమతే పోతే, గ్రాన్ లార్జ్ మూతపడుతుంది. హాలు నిండా చేమంతి కుండీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జనం పునీతుల పండగ సాయంత్రం తమవాళ్ళ సమాధుల మీద దీపం పెట్టుకోలేరు. వాళ్ళందరికీ ఎర్మాన్స్ మాటిచ్చింది. వేసవిలో పోయిన వాళ్ళమ్మకి సొంతూరు కాపెస్తేర్‌లో మొదటి దీపం తనే పెట్టాలి. పెద్దన్నయ్య సమాధికి సున్నం వేయించి కాచుకుని కూర్చున్నాడు.

సరే, ఇక నోటి తాళం తీద్దాం.

"మొస్యూ ఫ్రెసినే, పిట్టకి పండగ తెలీదు, మాకు సెలవు తెలుసు" అంది ఎర్మాన్స్. "మీ ప్రభుత్వం మాకు సెలవిచ్చేది పండక్కే. ఫిబ్రవరిలో ఇప్పించండి, ఫిబ్రవరిలో ప్రేమిస్తాం."

పక్కన కుండీల వరసలో కిసుక్కుమన్నారు. ఫ్రెసినే నవ్వలేదు. పెన్ను తీశాడు.

"కాగితాలు నేను చూడను, మదాం. అవి మీరు శుభ్రంగానే రాసిపెట్టుకుని ఉంటారు. మనుషులతో మాట్లాడతా."

"మాట్లాడండి. మా వాళ్ళకి మాటలకి లోటు లేదు" అంది ఎర్మాన్స్ దర్జాగా. ఎందుకంత దర్జా అంటే, ప్రతి ఒక్కరికీ ఆవిడే పాఠం చెప్పింది. ఏ పువ్వు మీద వాలుతుంది, గూడు దేంతో కడుతుంది, గుడ్డు ఎంత ఉంటుంది అన్నీ నూరిపోసింది.

ఫ్రెసినే టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ముందు ఆగాడు. పేరు ఎవారిస్ట్, ఉత్తరాలు విడదీసే పని, ఎర్మాన్స్ ఊరివాడే.

"ఫూఫూ గూడు దేంతో కడుతుంది?"

"సాలెగూటి దారంతో. పైన నాచు అంటిస్తుంది. లోపల బూరుగుదూది వేస్తుంది. అన్నీ ఆడపిట్టే చేస్తుందండీ, మగాడు చూస్తూ కూర్చుంటాడు. అందుకే మా ఆవిడకి ఈ మండలి అంటే పడదు."

"మీ మండలి చిహ్నం?"

"ఊదా గొంతు ఫూఫూ. ఇంకేముంటుంది?"

"అబద్ధం!"

హాలు అవతలి చివరనుంచి వచ్చిన ఆ ఒక్కమాటకి చేమంతులు కూడా తలెత్తాయి. లేచి వస్తున్నది మాన్ ఉర్సుల్, అంటే దీవి మాటలో మదాం ఉర్సుల్. ఆసుపత్రిలో పెద్ద నర్సు. దీవికి అవతలి వైపు ఆన్స్-బెర్త్రాన్ ఊరి మనిషి. ఆవిడ నడిచొస్తుంటే సామాన్లు తమంతట తామే పక్కకి జరిగినట్టుంటుంది.

"పచ్చ గొంతు ఫూఫూ మా చిహ్నం. జూన్‌లో పారిస్ పక్కన వెన్‌సెన్ అడవిలో ఓటేసి గెలిచాం. ఈయన చెప్పేది నమ్మకండి మొస్యూ. అసలీయన మండలి సభ్యుడే కాదు!"

ఎర్మాన్స్ కళ్ళు మూసుకుంది. ఆవిడ చేసిన తప్పల్లా ఒక్కటే. ఏడాదికోసారి సమావేశం జరగాలి, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి అని చట్టంలో ఉంటే, జరపమంది. జూన్‌లో తను విమానంలో ఉంది, వెళ్ళలేదు. ఏదో ఉత్తుత్తి మండలి, నలుగురూ కూర్చుని వేయించిన చేపల వడలు తిని ఒకరిని నిలబెట్టి చప్పట్లు కొడతారనుకుంది. గ్వాదెలూప్ వాళ్ళ చేతికి ఎన్నిక ఇచ్చి చేపల వడలతో ఊరుకుంటారనుకోవడం ఎంత అమాయకత్వం! ఆ దీవిలో ఊరి మేయరు ఎన్నికైతే అన్నదమ్ములు పదేళ్ళు మాట్లాడుకోరు, పెళ్ళిలో రెండు బాజాలు పెట్టుకుంటారు. దీవేమో సీతాకోకచిలుక రెండు రెక్కల్లా ఉంటుంది. ఒకటి కొండ రెక్క, అక్కడి అడవిలో ఊదా గొంతు పిట్ట తిరుగుతుంది. రెండోది చెరకు రెక్క, అక్కడి ఎండలో తిరిగేది పచ్చ గొంతు పిట్ట. ఇక మీరే ఊహించుకోండి. వెన్‌సెన్ అడవిలో ఆ రోజు ఒక మడత కుర్చీ విరిగింది, ఒక పెళ్ళిసంబంధం తప్పిపోయింది, మండలి రెండుగా చీలింది.

"ఈయన సభ్యుడు కాదా?" అన్నాడు ఫ్రెసినే, గొంతులో చక్కెర పోసుకుని.

"కానే కాదు. ఈయన్నీ, ఆ కొండవైపు వాళ్ళందర్నీ మధ్యాహ్నం భోజనం తర్వాత వెలేశాం."

"మీరేమంటారు మొస్యూ ఎవారిస్ట్?"

"ఆవిడా?" ఎవారిస్ట్ టోపీ వెనక్కి నెట్టాడు. "ఆవిణ్ణీ ఆ చెరకు మందనీ మేం భోజనానికి ముందే వెలేశాం. సభ్యత్వం లేకుండా మా కోడికూర తిన్నారు!"

"నీ కోడికూరా? ఉప్పుందా దాన్లో?"

"ఉప్పు లేనిదాన్ని మూడుసార్లు వడ్డించుకున్నావేం?"

ఇక హాలంతా లేచింది. కొండవాళ్ళు ఒకవైపు, చెరకువాళ్ళు ఒకవైపు. నువ్వు సభ్యుడివి కావంటే నువ్వు కావని ఒకరి మీద ఒకరు, చేమంతి కుండీలు చంకల్లో పెట్టుకునే, చేతులూపుతున్నారు. ఫ్రెసినే పెన్ను మూత పెట్టాడు. ఆ మొహంలో అలాంటి ప్రశాంతత చర్చిలో కూడా చూడం.

"మదాం ఎర్మాన్స్, నా పని ఇంత తేలిగ్గా ఎప్పుడూ అవలేదు. ఈ సగం వాళ్ళు, ఆ సగం వాళ్ళు సభ్యులు కారంటున్నారు. ఆ సగం వాళ్ళు, ఈ సగం వాళ్ళు కారంటున్నారు. ఒకరిని నమ్మి ఒకరిని అవమానించడం మర్యాద కాదు. అందుకని ఇద్దర్నీ నమ్ముతా. అంటే మీ విమానంలో సభ్యుడు ఒక్కడూ లేడు."

అప్పుడే కెర్వెలా వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని, మెడ ఎర్రగా చేసుకుని. బ్రెతాన్య సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి, కోపమొస్తే తుఫాను లేచినట్టే. నోరు తెరవబోయాడు. ఎర్మాన్స్ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"కెప్టెన్, మీరు విమానం చూసుకోండి. దీన్ని నాకొదిలేయండి."

"ఎర్మాన్స్, అర్ధగంటలో లేవకపోతే మన వంతు పోతుంది."

"అర్ధగంట చాలా ఎక్కువ" అంది ఎర్మాన్స్. అని ఫ్రెసినే వైపు తిరిగి నవ్వింది. అది పండగ నవ్వు, బంగారు పన్ను కనబడే నవ్వు. "మొస్యూ, మీరు దొంగ సంఘాలు చాలా పట్టుకుని ఉంటారు."

"నా ఉద్యోగమే అది. మొన్న ఒక గాలం వేసేవాళ్ళ సంఘం. ఒక్కడికీ గాలం ముడి రాదు. అంతకుముందు పాత గడియారాల సంఘం. అందరూ ఆలస్యంగా వచ్చారు."

"వాళ్ళు మీ ముందు పోట్లాడుకున్నారా?"

"పోట్లాటా? లేదే. నేనేమడిగినా అందరూ ఒకేలా తలలూపారు."

"చూశారా! టికెట్ కోసం కట్టిన సంఘంలో ఎవడైనా అధ్యక్ష పదవి కోసం కొట్టుకుంటాడా? విమానం ఎక్కడమే కావాల్సినవాడికి పిట్ట గొంతు ఏ రంగైతేనేం? మీరే చెప్పండి మొస్యూ, ఇంత మంచి దెబ్బలాట ఎప్పుడైనా ఉత్తుత్తి సంఘంలో చూశారా?"

ఫ్రెసినే హాలు వైపు చూశాడు. మాన్ ఉర్సుల్ ఎవారిస్ట్ టోపీ మీద చూపుడువేలుతో టకటకా కొడుతూ, గుడ్డు పొదిగే రోజుల గురించి పాఠం చెబుతోంది. ఎవారిస్ట్ ఆమెకి ఎదురుపాఠం చెబుతున్నాడు. ఇద్దరికీ అటూ ఇటూ సాక్షులున్నారు.

"లేదు" అన్నాడు ఫ్రెసినే చివరికి, నిజాయితీగా. "ఒప్పుకుంటున్నా. మండలి నిజమైనదే."

"అయితే ఎక్కించమంటారా?"

"ఎలా ఎక్కిస్తారు మదాం? ఇప్పుడే అసలు చిక్కు. ఉత్తుత్తి మండలి వెలేస్తే ఎవరికీ పట్టదు. నిజమైన మండలి వెలేసిన మనిషి నిజంగానే సభ్యుడు కాడు. వీళ్ళని మళ్ళీ చేర్చుకోవలసింది సర్వసభ్య సమావేశం."

గొడుగు మనిషే కానీ లోపల ఊచలన్నీ గట్టివి. ఎర్మాన్స్‌కి ఆయన మీద కొంచెం గౌరవం కూడా కలిగింది. కానీ గౌరవించుకుంటూ కూర్చునే వేళ కాదు. సామాన్లు తూచే బల్ల మీదకి ఎక్కింది. ముల్లు గిర్రున తిరిగింది. ఎవడో ఈల వేశాడు.

"ఎవడ్రా అది? ముల్లు చూసినవాళ్ళు కళ్ళు మూసుకోండి! ఫూఫూ మిత్రమండలి సర్వసభ్య సమావేశం మొదలైంది. అజెండా ఒక్కటే. మీరు వీళ్ళని చేర్చుకోవాలి, వీళ్ళు మిమ్మల్ని చేర్చుకోవాలి. లేకపోతే ఈ పండక్కి మనవాళ్ళ సమాధుల మీద చీకటే. మాన్ ఉర్సుల్, మీకేం కావాలో చెప్పండి."

మాన్ ఉర్సుల్ నింపాదిగా బల్ల ముందుకొచ్చింది. అధ్యక్ష పదవి అడుగుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ అద్దాల అవతలికి చెయ్యి చూపింది.

"ఆ విమానం ముక్కు మీద పిట్టకి ఊదా గొంతు వెయ్యమని ఎవరు చెప్పారు?"

కెర్వెలా ఎర్మాన్స్ వైపు చూశాడు. "దీవి మొత్తానికీ ఒకటే పిట్ట అన్నావుగా నువ్వు?" అన్నాడు మెల్లగా.

ఎర్మాన్స్ ఏమంటుంది? అనలేదు అనడానికి లేదు. కాపెస్తేర్‌లో వాళ్ళమ్మ పెరట్లో, మందారం మీద వాలిన పిట్టే ఆవిడకి పిట్ట. రంగుల మేస్త్రి వచ్చి అడిగినప్పుడు ఇంకో పిట్ట ఉందని కూడా గుర్తు రాలేదు.

"నేనే చెప్పా" అంది.

"నాకు తెలుసు" అంది మాన్ ఉర్సుల్. ఈసారి గొంతు పెంచలేదు, అందుకే అందరికీ వినబడింది. "మా నాన్న బతుకంతా చెరకు కొట్టాడమ్మా. ఆన్స్-బెర్త్రాన్‌లో సమాధుల దగ్గర చెట్టుండదు, నీడుండదు, ఉప్పుగాలి. పొద్దున్నే ఆ గాలిలో వచ్చి ఆయన సిలువ మీద వాలేది ఒక్క పచ్చ గొంతు పిట్ట. మేం ఈ విమానం ఎక్కినప్పుడల్లా మీ ఇంటికి చుట్టాలుగా పోతున్నట్టుంటుంది. మా ఇంటికి మేం పోతున్నట్టు ఉండదు. పిట్ట చిన్నదే. కానీ మాకున్నది అదే."

చెరకువైపు ఎవరో ముక్కు చీదారు. కొండవైపు కూడా ఎవరూ నవ్వలేదు. కానీ ఎవారిస్ట్ గడ్డం ముందుకి పెట్టాడు. "అలాగని సుజెట్ పిట్టకి రంగు మారిస్తే నేను మాత్రం ఎక్కను. ఈదుకుంటూ పోతా."

కెర్వెలా రాజీ చేద్దామనుకున్నాడు పాపం. "ఎడమవైపు ఊదా, కుడివైపు పచ్చ వేయిస్తే?"

రెండు వర్గాలూ ఆ రోజు మొదటిసారి ఒక్కటయ్యాయి. "రెండు గొంతుల పిట్టా? అది పిట్టా, పార్లమెంటు సభ్యుడా?"

ఎర్మాన్స్ బల్ల మీద నిటారుగా నిలబడింది. ముల్లు కూడా కదలడం మానేసింది. ఆ క్షణాన తన బుర్రలో ఏముందని అడిగితే ఆవిడే చెప్పలేకపోయేది. ఏమీ లేదు. నోరు మాత్రం తెరుచుకుంది, ఈసారి మాటతో.

"సుజెట్ పిట్ట సుజెట్‌దే. దాన్ని ముట్టుకోం. కానీ సుజెట్ ఒక్కతే ఎన్నాళ్ళు మోస్తుంది మనల్ని? గ్రాన్ లార్జ్‌కి కొత్త విమానం వస్తోంది. జంబో! నెత్తిన మూపురం, లోపల మేడమెట్లు. తోక చూడాలంటే టోపీ పడిపోతుంది. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. దాని ముక్కు మీద, ఈ పిట్టకి రెట్టింపు పిట్ట, మెరిసే పచ్చ గొంతుతో! సుజెట్ కొండవాళ్ళది. జంబో చెరకువాళ్ళది. ఎవరు దేన్లో ఎక్కినా ఇంటికే పోతారు."

జంబో అన్నమాట ఎర్మాన్స్‌కే కొత్త. కెర్వెలాకి దగ్గొచ్చింది.

మాన్ ఉర్సుల్ ఊరికే నమ్మే మనిషి కాదు. జ్వరం లేదన్నవాడి నోట్లో కూడా థర్మామీటరు పెట్టే మనిషి. తిన్నగా కెర్వెలా ముందుకెళ్ళి నిలబడింది. "కెప్టెన్, నా కళ్ళలోకి చూసి చెప్పండి. జంబో వస్తోందా?"

కెర్వెలా ఆ కళ్ళలోకి చూశాడు.

"వస్తోంది, మాన్ ఉర్సుల్."

రెప్ప కూడా వెయ్యలేదు. ఇంత నున్నగా అబద్ధమాడటం ఈయన ఎక్కడ నేర్చుకున్నాడా అని ఎర్మాన్స్ ముచ్చటపడింది.

చేతులెత్తమంటే కుండీలతో సహా ఎత్తారు. హాలు మీద చేమంతి తోట లేచింది. అధ్యక్ష పదవి సంగతి కూడా రెండు నిమిషాల్లో తేలిపోయింది. వెళ్ళేటప్పుడు మాన్ ఉర్సుల్, తిరిగొచ్చేటప్పుడు ఎవారిస్ట్. ఫ్రెసినే అనుమతి కాగితం మీద ముద్ర గుద్ది, ఒక్క క్షణం తటపటాయించి, "మదాం, నాకు ఊదాయే బాగుందనిపించింది. ఇది నా సొంత అభిప్రాయం, శాఖది కాదు" అని గొణిగి వెళ్ళిపోయాడు. అంటే ఆయన కూడా చేరినట్టే.

సుజెట్ నల్లపొగ వదిలి లేచింది. మబ్బులు దాటాక ఎవరో బుట్ట మూత తీశారు, వేయించిన చేపల వడల వాసన, రమ్ము వాసన విమానమంతా పాకాయి. కొండవాళ్ళ సీసా చెరకువాళ్ళ గ్లాసులోకి వంగింది. మోకాళ్ళు చెవులకి ఆనించుకునే నవ్వుకుంటున్నారు. ఎర్మాన్స్ నడిమి దారిలో ముందుకి నడుస్తుంటే చప్పట్లు కొట్టారు. "దూదూ, బంగారుతల్లీ, మేడమీద నాకో సీటు!" అని ఒక ముసలాయన అరిచాడు. ఆవిడకి తను రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టనిపించింది.

పైలట్ల గదిలోకెళ్ళి తలుపేసుకుంది. కింద సముద్రం, అటూ ఇటూ ఎండ. కో-పైలట్ కాఫీ తాగుతున్నాడు.

"కెప్టెన్, క్షమించాలి. మీతో కూడా అబద్ధమాడించా."

"ఏం అబద్ధం?"

"జంబో."

"అదా? నేనెక్కడ అబద్ధమాడాను?" అన్నాడు కెర్వెలా. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. నీకెవరు చెప్పారు? ఆ సంగతి నాకూ, మా ఆవిడకీ తప్ప తెలీదే!"

ఎర్మాన్స్ అక్కడున్న చిన్న మడత సీటు మీద కూలబడింది.

పెట్రోలు ధర మండిపోయాక అమెరికాలో ఒక కంపెనీ జంబోలు నింపలేక తల పట్టుకుందట. వేసవిలో కెర్వెలా వెళ్ళి చూసొచ్చాడు, మూపురం నిమిరొచ్చాడు, ఆగస్టులో సంతకం పెట్టాడు. డిసెంబరు మొదట్లో వచ్చేస్తుంది. క్రిస్మస్‌కి జనాన్ని దాన్లోనే తీసుకెళ్ళాలని ఆయన ఆశ. ఎర్మాన్స్ లేచి ఆయన రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. విమానం ఒక్కసారి ఒరిగి మళ్ళీ సర్దుకుంది. వెనక నుంచి కేరింతలు వినబడ్డాయి.

"డిసెంబరులో జంబో! సుజెట్, జంబో, రెండు విమానాలు!"

"ఒకటి" అన్నాడు కెర్వెలా, ముందున్న ఆకాశం వైపే చూస్తూ.

"ఒకటేంటి?"

"వాళ్ళు మాత్రం ఊరికే ఇస్తారా? పాత విమానం తిరిగి తీసుకుంటామన్నారు."

"ఏ పాత విమానం?"

"మనకెన్ని ఉన్నాయి, ఎర్మాన్స్?"

కో-పైలట్ కాఫీ కప్పులోకి తదేకంగా చూడటం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు?" అంది ఎర్మాన్స్.

"ఇవాళే. ఇద్దరు అమెరికా పైలట్లు అక్కడ దీవిలో, పొయంతపీత్‌లో దిగి ఉన్నారు. మనం దిగి తాళాలిస్తే సాయంత్రానికి మయామీ తీసుకుపోతారు. కంగారుపడకు, పండగ వెళ్ళాక వీళ్ళని వెనక్కి తేవడానికి ఇంకో కంపెనీ విమానం అద్దెకి మాట్లాడిపెట్టా. అదే..." మెడ మళ్ళీ ఎర్రబడింది, ఈసారి కోపంతో కాదు. "అది నిన్న చేజారిపోయింది. నీకు చెబుదామనుకునేలోపు నువ్వు ఆ బల్ల ఎక్కావు."

తలుపు అవతల మైకు గరగరలాడింది. మాన్ ఉర్సుల్ గొంతు, పదవిలో ఉన్న గొంతు. "మిత్రులారా, అధ్యక్షురాలిగా నా మొదటి ఆజ్ఞ. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అందరూ విమానాశ్రయంలో ఉండాలి. సోమవారం పొద్దున డ్యూటీలో లేకపోతే ఉద్యోగాలు పోతాయి. ఒక్కరు ఆలస్యమైనా మండలి ఊరుకోదు!" విమానమంతా ఓహో అంది.

ఎర్మాన్స్ స్కార్ఫు ముడి విప్పి మళ్ళీ గట్టిగా వేసుకుంది.

"కెప్టెన్, ఆ అమెరికా వాళ్ళు ఏ హోటల్లో దిగారు?"

ఆయన పేరు చెప్పాడు. "ఎందుకు?"

ఎర్మాన్స్ తలుపు తెరిచి మాన్ ఉర్సుల్‌ని పిలిచింది. ఆవిడ మైకు ఆపేసి లోపలికొచ్చింది. తలుపు మూశాక ఎర్మాన్స్ ఆవిడకి అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

మాన్ ఉర్సుల్ కెర్వెలాని నఖశిఖ పర్యంతం చూసింది. అనాల్సింది తర్వాతకి దాచుకుందని అందరికీ తెలిసింది.

"ఆ హోటల్ వంటింట్లో మీవాళ్ళెవరైనా ఉన్నారా, మాన్ ఉర్సుల్?"

"మా చెల్లెలే వంటమనిషి."

"అయితే మనకి అదృష్టం ఉంది. సుజెట్‌ని తీసుకుపోకుండా, ఆ ఇద్దరూ వచ్చే ఆదివారం దాకా ఆ హోటల్ గడప దాటకూడదు."

మాన్ ఉర్సుల్ అధ్యక్షురాలిలా గొంతు సవరించుకుంది.

"దాటకూడదంటే..." అంది, "వంటతోనా, సూదితోనా?"